గేటు దగ్గర పిలిచిన పేరు

జగిత్యాల,
మంగళవారం.

ప్రియమైన రాజవ్వకు,

క్షేమంగా చేరాను. మన సిరిసిల్ల ఎల్లేశం గదిలోనే దిగాను. వాడి వంట తిన్నాక నీ మీద గౌరవం పెరిగింది. ఫోన్ చెయ్యలేదని అలగకు. ఇక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు, మాట తెగిపోతుంది. అందుకే ఉత్తరం. పార్సిళ్ల గోదాంలో పని చేసుకుంటూ పోస్టాఫీసుకు పోయి ఇన్లాండు కవరు కొన్నానని ఎల్లేశం ఒకటే నవ్వుడు.

పని కష్టమేం కాదు. లారీలో వచ్చిన పార్సిళ్లు బెల్టు మీద మన ముందుకు వస్తాయి. ఒక్కోదాని మీదున్న గీతల స్టిక్కరును గన్నుతో చదివించి కోరుట్లది కోరుట్ల సంచిలో, సారంగాపూర్‌ది సారంగాపూర్ సంచిలో వెయ్యాలి. ఇన్నేళ్లు సాంచాలు నడిపి బట్ట నేసినవాడికి ఇదొక లెక్కనా. కార్ఖానా మూతపడ్డాక ఇంట్లో కూర్చుని నీ బీడీల చాట వంక చూసుకుంటూ గడపడం కంటే వెయ్యి రెట్లు నయం. ఇక్కడ అందరిలోకీ కొత్తవాణ్ని నేనే, పెద్దవాణ్ని నేనే. ఇన్‌చార్జి మాత్రం ఒక ఆడపిల్ల. మనస్విని మేడం. మల్లాపూర్ వైపు రావు దొరల ఇంటి పిల్ల. వాళ్ల తాతల ముందు మన తాతలు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాళ్లు. ఇప్పుడు నేను బూట్లు వేసుకుని నిలబడుతున్నాను, అంతే తేడా.

ఒక్కటే చిక్కు. గన్ను సరిగ్గా చదివితే ఒకసారి కూస్తుందట, సంచి తప్పయితే రెండుసార్లట. ఆ గోలలో నాకు తెలియడం లేదు. నా చెవులు కాస్త మందం. సాంచాల చప్పుడులో బతికిన ఎవరికైనా ఆ మాత్రం ఉంటుంది. ఇక్కడ ఆ సంగతి చెప్పలేదు. వెనకా ముందూ బండ్లు తిరిగే చోటు, హారన్ వినపడని మనిషిని ఒక్కరోజు కూడా ఉంచుకోరని ఎల్లేశం అన్నాడు. అందుకే ఎవరేం చెప్పినా తల ఊపుతున్నాను. ఉద్యోగం నిలబడితే ఇద్దరం వేములవాడ పోయి రాజన్న గుడిలో కోడె కడదామని మొక్కుకున్నాను.

వేళకు తిను. చీకట్లో కూర్చుని బీడీలు చుట్టకు.

నీ
చంద్రమౌళి


సిరిసిల్ల,
శనివారం.

ప్రియమైన మా ఇంటాయనకు,

ఉత్తరం అందింది. జగిత్యాలలో సిగ్నల్ లేదా? పక్కింటి వందన వాళ్ల అన్న ఆ ఊళ్లోనే ఉండి రోజూ చెల్లెతో గంటలు గంటలు మాట్లాడుతున్నాడు. పోనీలే, నీ సిగ్నల్ సంగతి నాకు తెలియనిదా.

నాకు భయమంతా నీ తల ఊపుడుతోనే. నువ్వు తల ఊపావంటే ఒప్పుకున్నావని కాదు, వినపడలేదని. ఈ కిటుకు తెలిసేసరికి పెళ్లయి ఏడాది దాటింది. "బియ్యం అయిపోయినయ్" అంటే తల ఊపి, మెల్లగా తువ్వాల దులుపుకుని కల్లుకు పోయిన మనిషివి. కార్ఖానాలోనైతే అందరూ నీవంటివాళ్లే. పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకునేవాళ్లు. అక్కడివాళ్లకు ఆ అలవాటు ఎక్కడిది?

నా మాట విని ఆ మేడంకు ఉన్నదున్నట్టు చెప్పు. అడగందే అమ్మైనా పెట్టదు. నాకైతే ఇన్నేళ్లలో ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు. కనీసం ఆ పిల్లకైనా చెప్పు. నువ్వు సాంచా ఆగిన రోజు నుంచి ముద్ద సరిగ్గా మింగలేదు. ఈ పని పోతే మళ్లీ ఆ గోడ వంక చూస్తూ కూర్చుంటావు. అది నేను చూడలేను.

సోమవారం వేములవాడ పోతున్నాను. నువ్వు మొక్కి మరిచిపోతావు, రాజన్నకు యాది చేసేదాన్ని నేనే కదా.

నీ
రాజవ్వ


జగిత్యాల,
బుధవారం.

ప్రియమైన రాజవ్వకు,

జవాబు ఆలస్యమైంది. రాయబుద్ధి కాలేదు.

ఇక్కడ నన్ను మనిషి కింద లెక్క కట్టడం లేదు. మొన్నొకరోజు రమేశ్ అనే డ్రైవరు, నా కొడుకు వయసువాడు, వెనక నుంచి వచ్చి భుజం పట్టి ఒక్క గుంజు గుంజాడు. పెద్దమనిషినన్న మర్యాద లేదు. అప్పటి నుంచి వరస మారింది. ఎవరొచ్చినా ముందు భుజం తడుతున్నారు, నిద్రపోతున్నవాణ్ని లేపినట్టు. డీసీఎం వ్యాన్లు వెనక్కి వచ్చేముందు నా మొహం మీదికి లైట్లు కొడుతున్నాయి. నా గన్ను తీసుకుని ఇంకోటి ఇచ్చారు. అది చేతిలో ఊరికే గజగజ వణుకుతుంది. మంచి సామాను వయసులో ఉన్నవాళ్లకు, చెడిపోయింది నాకు.

మేడం సంగతి ఇంకా ఘోరం. దుమ్ముకు అందరం మూతికి మాస్కు కట్టుకుంటాం. ఆమె నా దగ్గరికి రాగానే మాస్కు కిందికి గుంజి, సరిగ్గా ఎదురుగా నిలబడి, ఒక్కో మాట ఒత్తి ఒత్తి చెబుతుంది. చిన్న పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు. అందరి ముందూ అంతే. దొరల రక్తం ఎక్కడికి పోతుంది.

నిన్న ఒక పార్సిలుకు కట్టిన పురికొస తెగి బెల్టులోకి పోతుంటే నా చెయ్యి దానంతటదే పోయి ఎర్ర బొత్తాం నొక్కింది. పోగు తెగితే సాంచా ఆపాలి కదా. గోదాం మొత్తం ఆగిపోయింది. అందరూ నా వంక చూశారు. మేడం వచ్చి నవ్వింది. తిట్టినా బాగుండేది.

ఊడ్చే రూతమ్మ ఒక్కతే మంచిది. ఒకరోజు సర్వపిండి తెచ్చి నాకు మాత్రమే పెట్టింది. అచ్చం నీ చేతి వంటే, కాకపోతే ఉప్పు తక్కువ.

నా వల్ల కాదు. ఆదివారం మూట సర్దుకుని వస్తున్నాను. ఉపాసం ఉన్నా మన ఇంట్లో ఉంటాను.

నీ
చంద్రమౌళి


సిరిసిల్ల,
శుక్రవారం.

ప్రియమైన ఇంటాయనకు,

పోస్టులో వేస్తే ఆదివారం దాటిపోతుందని దీన్ని జగిత్యాల బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను. బస్టాండులో తీసుకొమ్మని ఎల్లేశానికి ఫోన్ చేశాను. కోపం వస్తే రానీ, మొత్తం చదివాకే మూట కట్టు.

ఆ సోమవారం నేను వేములవాడలో బస్సు దిగలేదు. కిటికీలోంచే రాజన్నకు దండం పెట్టి, అదే బస్సులో జగిత్యాల వచ్చాను. నిన్నొకసారి చూసి సర్వపిండి ఇచ్చిపోదామని, అంతే. గేటు దగ్గరికి వచ్చేసరికి నువ్వు వీపు ఇటు పెట్టి సంచి మూతి కడుతున్నావు. నీ వెనక నుంచి డీసీఎం వస్తోంది. హారన్ కొడుతూనే ఉంది. గేటు అవతల ఉన్న నాకే చెవులు పగిలిపోతున్నాయి.

నేను పిలిచాను. "ఏమయ్యో" అన్నాను. "ఓ సిరిసిల్లాయనా" అన్నాను. ఆఖరికి పెళ్లయిన నాటి నుంచి నా నోట రాని నీ పేరు పెట్టి అరిచాను. నువ్వు తిరగలేదు. ఆ రమేశ్ ఉరికొచ్చి నిన్ను గుంజాడు. మర్యాద లేదన్నావే, ఆ చేతులకు నేను మొక్కాలి.

నేను గేటు దగ్గరే కూలబడ్డాను. రూతమ్మ నీళ్లు తాగించి మేడం దగ్గరికి తీసుకుపోయింది. అప్పుడు చెప్పాను. నీకు అసలు వినపడదని, పెదవులు కనపడితే చాలు ఏ పనైనా చేస్తావని, తల ఊపితే నమ్మొద్దని. నీ పని పోతుందని తెలిసే చెప్పాను. పని పోతే పోనీ, మనిషి ఉండాలి.

ఆ పిల్ల ఏమందో తెలుసా? "అయ్యో, చెప్పింది ఒకటైతె ఈయన చేసేది ఒకటి. పొగరనుకున్న అమ్మా. పని మాత్రం మంచిగ చేస్తడు, తీసేసుడెందుకు" అంది. నేను వచ్చినట్టు నీకు చెప్పొద్దని బతిమాలితే, "ఆయన నోటితోని ఆయన చెప్పేదాక నాకేం తెల్వనట్టే ఉంట" అంది.

నీ కోసం ఏమేం చేయబోతుందో ఆ రోజే నాకు చెప్పింది. ఇప్పుడు చూసుకో. వణికే గన్ను చెడిపోయింది కాదు. సరిగ్గా ఉంటే ఒకసారి, తప్పయితే రెండుసార్లు వణుకుతుందట. కూత వినపడని చేతికి తెలియాలని వెతికి తెప్పించింది. లైట్లూ అందుకే, భుజం తట్టేదీ అందుకే. మాస్కు గుంజేది నీకు పెదవులు కనపడాలని. మనల్ని చిన్నచూపు చూసే వాళ్లను చూసి చూసి, ఎదురుగా నిలబడ్డవాళ్లను కూడా గుర్తుపట్టలేకపోయావు.

సర్వపిండిలో ఉప్పు తక్కువన్నావు కదా. గుర్తుంచుకుంటాను.

నీ
రాజవ్వ


జగిత్యాల,
గురువారం.

ప్రియమైన రాజవ్వకు,

నీ ఉత్తరం చదివి మండిపడ్డాను. నా వెనక వచ్చి నా గుట్టు బయట పెట్టావని రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆదివారం మూట కట్టుకుని బస్టాండుకు పోయాను కూడా. సిరిసిల్ల బస్సు వచ్చింది. ఎక్కబోతే ఎవరో భుజం తట్టారు. చూస్తే, బెంచీ మీద మరిచిపోయిన నా సంచి పట్టుకుని ఒక ముసలాయన. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాడో పాపం. అప్పుడు నువ్వు గేటు దగ్గర పిలిచింది యాదికొచ్చింది. ఇంక బస్సు ఎక్కబుద్ధి కాలేదు.

సోమవారం పొద్దున మేడం దగ్గరికి పోయాను. మాస్కు తీసి చెప్పాను. "నాకు వినపడది మేడం. కొంచెం కాదు, మొత్తానికే." అంత మాత్రం చెప్పడానికి చెమటలు పట్టాయి. ఆమె అప్పుడే తెలిసినట్టు కళ్లు పెద్దవి చేసి, "గట్లనా, మంచిగైంది చెప్పినవ్" అంది. అబద్ధం ఆడడం ఆ పిల్లకు అసలు రాదు. ఇద్దరం నవ్వాం. పర్మినెంటు కాగితం మీద వచ్చే వారం సంతకం పెట్టమంది.

ఇప్పుడు బెల్టు దగ్గర మన కార్ఖానా సైగలే నడుస్తున్నాయి. ఆగు అంటే పిడికిలి, నడవనీ అంటే అరచెయ్యి. ఎంత గోలైనా పని ఆగడం లేదు. రమేశ్‌కు నీ తరఫున దండం పెట్టాను. వాడికేం అర్థం కాక నాకు చాయ్ తాగించాడు.

రాజవ్వా, మేడంకు చెప్పిన మాట నీకు ఇన్నేళ్లూ చెప్పలేదు. సిగ్నల్ బాగానే ఉంది. నాకు వినపడదు. నీ గొంతు ఎట్లుండేదో కూడా మెల్లమెల్లగా మరిచిపోతున్నాను. అది ఒప్పుకోవాలంటే భయం వేసింది.

వచ్చే సోమవారం సెలవు అడిగాను. నువ్వు అటు నుంచి రా, నేను ఇటు నుంచి వస్తాను. వేములవాడలో కలిసి రాజన్నకు కోడె కడదాం. ఈసారి బస్సు దిగు. బస్టాండులో నేను కనపడితే వెనక నుంచి పిలవకు. ఎదురుగా వచ్చి నిలబడి, ఆ రోజు గేటు దగ్గర పిలిచావు కదా, ఆ పేరు పెట్టి ఇంకొక్కసారి పిలువు. నీ నోట నా పేరు ఎట్లుంటుందో నేను చూడాలి.

నీ
చంద్రమౌళి