కూల్‌డ్రింక్ సీసాలో గడ్డిమందు

తమ్ముడు శ్రీకాంత్‌కు,

సుజాత అక్క రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరూ బాగున్నారనుకుంటాను అని రాయబోతే ఈసారి చెయ్యి ఆడలేదు. ఫోన్‌లో అరిస్తే కట్ చేస్తావు. అందుకే కాగితం మీద తిడుతున్నాను, కూర్చుని చదువు.

గుజరాత్‌కు వచ్చి ఇన్నాళ్ళైనా ఈ ఎండా, ఈ ఉప్పుగాలీ అలవాటు కాలేదు. పప్పులో బెల్లం వేస్తారు, నోట్లో పెట్టుకుంటే ఏడుపొస్తుంది. మన పచ్చిపులుసు కోసం ప్రాణం లాగుతుంది. ల్యాబులో పని బాగానే ఉంది, బెంగపడొద్దని అవ్వకు చెప్పు. ఒకటే బాధ, వాసన. మా కంపెనీలో తయారయ్యేది పిరిడిన్. కుళ్ళిన చేపల కంపు. ఎంత రుద్దినా జుట్టులోంచి పోదు. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోరు. పక్కగది ఆవిడ పలకరించడమే మానేసింది.

పిరిడిన్ అంటే ఏంటని నువ్వు ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు విను. ఆరు కార్బన్లు గుండ్రంగా చేతులు పట్టుకుని కూర్చుంటే బెంజీన్. వాటిలో ఒకదాన్ని లేపి, ఆ చోట నైట్రోజన్‌ను కూర్చోబెడితే పిరిడిన్. బాపు టీబీకి మింగిన గోలీలో ఆ ఉంగరమే ఉంది, మనిషిని లేపి నిలబెట్టింది. అలాంటి ఉంగరాలు రెండు జతచేసి తయారుచేసేదే నీ గడ్డిమందు, పారాక్వాట్. అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. మొదట ఏమీ కానట్టే ఉంటుంది, తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి.

డబ్బా ఒకటి తెచ్చి పక్క చేను మల్లయ్యతో సగం సగం పంచుకున్నావట. మన ఊళ్ళో అందరూ చేసేదే, నాకు తెలుసు. కానీ నీ సగం కూల్‌డ్రింక్ సీసాలో పోసి వంటింటి గూట్లో పెడతావా? తలకాయ ఉందా నీకు? నీ బిడ్డ నవ్య దాని మూత తిప్పింది. లావణ్య ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. "నోటికాడికి తీస్కపోయింది వదినె. 'థూ, కంపు' అని పడేసింది. నేను ఉరికొచ్చి చేతులు, మూతి సబ్బుతోని కడిగిన" అన్నది.

ఆ కంపు ఎవరూ తాగకుండా కావాలనే కలుపుతారు. అది మా పిరిడిన్ చుట్టమే. నేను రోజూ తిట్టుకునే కంపు నవ్యను కాపాడిందిరా, నువ్వు కాదు.

నిన్న ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? "ఏం గాలే గదక్కా! ఊకె పరేషాన్ గాకు. సీసా తీసి అటుక మీద పెట్టిన." అటుక మీద! అవ్వకు చూపు ఆనదు, నూనె సీసా అనుకుని దించితే? ఏదో ఒకటి అయ్యేదాకా ఆగుతావా?

ఈ ఉత్తరం అందిన పూటే దాన్ని ఇంట్లోంచి తియ్యి. వాగులో పోయకు, మోరీలో పోయకు. ఏం చేయాలో ఎల్లారెడ్డికి పోయి వ్యవసాయ అధికారిని అడుగు. ఆ ఖాళీ సీసా కడిగి నీళ్ళకు వాడారని తెలిస్తే మాత్రం ఊరుకోను.

కామారెడ్డి నుంచి ఇటు ఎవరైనా వస్తుంటే కారంపొడి పంపమని లావణ్యకు చెప్పు. అవ్వకు, బాపుకు దండాలు. నవ్యకు బోలెడు ముద్దులు. ప్రతిసారీ చివర్లో నీకు చల్లగా ఉండమని దీవెన రాసేదాన్ని. ఈసారి రాయను. ఆ సీసా గడప దాటినాక ఫోన్ చేసి అడుగు.

నీ అక్క,
సుజాత