రెండోసారి దగ్గర ఆగాడు

మార్చి 3, మంగళవారం

అన్నయ్య ఆపరేషన్ అయి రెండు వారాలైంది. స్వరపేటిక తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టర్. మాట మాత్రం ఇక రాదు.

పండ్ల మార్కెట్లో వేలం పాడే మనిషి. ఒకటోసారి, రెండోసారి అని గొంతెత్తితే లారీల అవతలివాళ్లు కూడా తల తిప్పేవాళ్లు. మూడోసారి అన్నాక ఇక బేరం లేదు. ఇంట్లో నా వంతు కూడా ఆయనే మాట్లాడేవాడు. నాకెప్పుడూ అవసరం పడలేదు.

మార్చి 4

శనివారం ఇంటికొచ్చాక పై గదిలో ఆయన, కింద కుట్టుమిషన్ దగ్గర తను. పిలిస్తే ఎలా తెలుస్తుందని వదిన అడిగింది. ఒక గంట ఇద్దామన్నాను. మీ అన్నయ్య గంట కొట్టి ఊరుకునే మనిషా, వెంటనే నాలుగు తిట్లు కూడా పడాలి కదా అంది.

వాట్సాప్ కుదరదు. పోయిన నెల మార్కెట్ గ్రూపులో ఎవరో పోయారని పెడితే, అక్షరాలు కనపడక కింద నవ్వే బొమ్మ నొక్కాడు. ఆ రోజే దాన్ని పీకేశాడు.

కంప్యూటర్ నేర్చుకున్నానంటావుగా, ఏదైనా చెయ్యి అంది వదిన.

మార్చి 5

పగలు టైర్ల షాపులో లెక్కలు రాస్తాను. కోడ్ రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. అడిగి చెప్పించుకునే అలవాటు లేదు.

మెట్ల కింద ఉన్న పాత కంప్యూటర్‌ను సర్వర్ చేశాను. అన్నయ్య టాబ్లెట్‌లో బ్రౌజర్ తెరిస్తే ఒకే పేజీ. పెద్ద అక్షరాలు, ఒక పెట్టె, ఒక బటన్. నొక్కితే మాట సర్వర్‌కి వెళ్లాలి, అక్కణ్నుంచి వదిన ఫోన్‌లో మోగాలి. నొక్కగానే పెట్టె ఖాళీ అవుతుంది. వైఫై తడబడితే మాట పోకుండా టాబ్లెట్‌లోనే ఉంచుకుని, దారి దొరికాక పంపేలా రాశాను.

ఆ పాత కంప్యూటర్ మీదే రెండు విండోలు తెరిచి చూశాను. ఇటు కొట్టింది అటు పడింది. కాసేపు నాతో నేనే మాట్లాడుకున్నాను.

మార్చి 6, శుక్రవారం

ఒకరోజు ముందే ఇంటికి పంపేశారు. హడావిడి. టాబ్లెట్‌లో పేజీ తెరుచుకుంది. చాలనుకుని షాపుకు వెళ్లిపోయాను.

మార్చి 7

ఒక్క మాటా రాలేదు. వదిన ఫోన్ ఎదురుగా పెట్టుకునే కుట్టింది. అన్నం తీసుకెళ్తే టాబ్లెట్ కేసి వేలు చూపించి ఉరిమి చూశాడట. చూస్తే ఖాళీ పెట్టె. వస్తువు నచ్చలేదు కాబోలు, పలక తెచ్చి ఇచ్చానంది. పలకను నెట్టేశాడట.

మార్చి 8, ఆదివారం

గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం ఏమీ తినలేదు.

కట్టు మార్చడానికి వచ్చిన నర్సు, గొంతు పోయాక కొందరు ఇలాగే లోపలికి ముడుచుకుపోతారు, తిండి మానితే మళ్లీ ఆస్పత్రే, కనిపెట్టుకుని ఉండండి అంది. ఆవిడ వెళ్లాక వదిన మెట్ల మీద కూలబడింది. ఒక్క తిట్టు తిట్టమనవయ్యా, పడతాను అంది.



మార్చి 9, ఉదయం 7

సర్వర్ లాగ్ తెరిచాను. ఎవరు తలుపు తట్టారో అందులో పడుతుంది. పేజీ కావాలని టాబ్లెట్ అడిగింది, వదిన ఫోన్ అడిగింది. మాటలు తెచ్చిన జాడ మాత్రం గురువారం నేను కొట్టుకున్నవే. అన్నయ్య ఏమీ రాయలేదన్నమాట, అనుకున్నాను.

టీ పొంగుతుండగా వెలిగింది. పేజీలో సర్వర్ అడ్రస్ localhost అని రాశాను. అంటే ఇక్కడే, ఈ యంత్రంలోనే అని. సర్వర్ ఉన్న కంప్యూటర్‌లో అది నిజం. టాబ్లెట్‌లో అదే మాట టాబ్లెట్‌ను తనలోనే వెతుక్కోమంటుంది. పేజీ పైకి వెళ్లింది. మాట కిందికి దిగలేదు.

టీ సగం స్టవ్ పాలు. అడ్రస్ మార్చి, రెండు చోట్లా పేజీ మళ్లీ తెరిచాను.

అదే రోజు, కాసేపటికి

వదిన ఫోన్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. వచ్చిన వరుసలోనే రాసిపెడుతున్నాను.

ఫ్యాన్ తగ్గించవే.

ఒరేయ్, ఇది దిండా ఇటుకా?

కింద మిషన్ ఆగింది. దారం తెగిందా, కబుర్లా?

చదివి కూడా పలకరేం?

గొంతు పోతే మనిషి లేనట్టేనా?

ఒకటోసారి.

రెండోసారి.

అంతే. తర్వాత లేదు.

వదిన ఫోన్ పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కింది. ఇవన్నీ ఇప్పుడే వచ్చాయండీ, ఒట్టు, ఇప్పుడే అంటోంది. నేను వెనకాలే వెళ్లి, అడ్రస్ తప్పు రాశానన్నయ్యా, నీ మాటలు టాబ్లెట్ దాటలేదు అన్నాను. ఈ ఏడాది ఆయనతో నేను అన్నవాటిలో అదే పెద్ద మాట.

నా కేసి చూశాడు. టాబ్లెట్ లాక్కుని ఒక్కో అక్షరం నొక్కాడు. వదిన చేతిలో ఫోన్ మోగింది.

ఉత్తరం రాయించి నా జేబులోనే వేశావట్రా, ఇంజనీరూ?

భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడని నేను కంగారుపడ్డాను. నవ్వుతున్నారయ్యా అంది వదిన. చప్పుడు లేకపోయేసరికి పోల్చుకోలేకపోయాను.

వదిన తెచ్చిన గంజి గిన్నె ఖాళీ చేశాడు.

మార్చి 12

ఫ్యాన్, దిండు, మిషన్, నా జుట్టు. పొద్దున్నుంచీ మోగుతూనే ఉంది. తల వాచిపోతోంది, చప్పుడు తగ్గించు అంది వదిన. తగ్గించాను. కాసేపటికి తనే పెంచుకుంది.