కొండ మట్టి

2012 మార్చి 6

మా అమ్మాయి సోలాంజ్ ఐదో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. మా పెరటి చేమదుంపలు ముట్టదట, మా కోళ్ళ గుడ్లు తినదట. ఈ కాలనీ పాత అరటి తోటల మీద కట్టిందనీ, అప్పుడు చల్లిన పురుగుమందు ఇంకా మట్టిలోనే ఉందనీ, దుంపల్లోకీ గుడ్లలోకీ ఎక్కి కడుపులో బిడ్డకు చేరుతుందనీ క్లినిక్‌లో చెప్పారట. మట్టి టెస్ట్ చేయించమని ఒకటే పోరు. పద్దెనిమిది కోళ్ళున్న నా ఇంట్లోకి సూపర్‌మార్కెట్ గుడ్లు తెచ్చుకుంది. ఒళ్ళు మండిపోయింది.

మార్చి 9

టెస్ట్ ఆఫీసాయన సంచి ఇచ్చి వెళ్ళాడు. పెరట్లో ఐదు చోట్ల జానెడు లోతు తవ్వి, కలిపి, ఆరబెట్టి ఇవ్వాలట. మందుందని తేలితే కోళ్ళు వదులుకోవాలి. పక్కింటి తెయోదోర్ తన పెరట్లో నడుం పట్టుకుని మరీ తవ్వుతున్నాడు, వెర్రి ముసలాడు.

నేను సంచిలో పూలకుండీ మట్టి నింపాను. అక్క పంపిన కొండ మట్టి అది. ఆ కొండ మీద అరటి ఎప్పుడూ వెయ్యలేదు. ఎవరికేం నష్టం?

ఏప్రిల్ 27

రిపోర్ట్ వచ్చింది. క్లీన్. సోలాంజ్ నన్ను వాటేసుకుని ఏడ్చింది, ఊరికే అనుమానించానంది. మధ్యాహ్నం ఉప్పుచేపతో చేమదుంపలు రెండోసారి వడ్డించుకుంది. నేనే గెలిచాను.

మే 3

రోజుకి రెండు గుడ్లు. దానికి బుగ్గలొచ్చాయి.

జూన్ 12

తెయోదోర్ రిపోర్ట్ వచ్చింది. ఆయన పెరడంతా మందే. మా ఇద్దరి మధ్య మందార కంచె తప్ప ఏముంది? మరి మీది క్లీన్ ఎలా అయిందని అడిగాడు. అదృష్టం అన్నాను. ఆయన నా మొహం కేసే చూశాడు.

"యూలాలీ, ఇక్కడ తోటల్లో కూలికి ఆ మందు పొడి చల్లింది మనమే కదా. నీ ఇల్లున్న చోటి అరటి వరసలు నీ వంతే."

నిజం. అరటి దుంప తొలిచే పురుగు చావాలని ప్రతి చెట్టు మొదట్లో గుప్పెడు. గ్లవ్స్ లేవు. అదే చేత్తో రొట్టె తినేవాళ్ళం. ఇన్నేళ్ళూ ఆ సంగతి తలుచుకోకుండా ఎలా బతికానో.

లోపలికి వస్తే సోలాంజ్ ఉడికిన గుడ్డు ఒలుస్తోంది. లాక్కుందామనుకున్నాను. ఉప్పు అందించాను. ఛీ, నా బతుకు చెడ.

జూన్ 13, తెల్లవారి 5 గంటలు

చెబితే అది ఇంక నా మొహం చూడదు. చెప్పకపోతే ఇవాళ ఇంకో రెండు.

జూన్ 14

గుడ్లన్నీ పారేసి, ముంగిస తినేసిందన్నాను. పోనీలెమ్మంది. తనే పెరట్లోకి వెళ్ళి, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, చేమదుంపలు తవ్వుకొచ్చింది.

జూన్ 15

చెప్పేశాను. అది అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక్కటే అడిగింది.

"నేను నీ కడుపులో ఉన్నప్పుడు కూడా చల్లావా, అమ్మా?"

ఎనిమిదో నెల దాకా, అన్నాను.