అమ్మ పడవకి లోతు మిషన్

డారెల్ అన్నయ్యా,

వరదకి క్లారెన్స్ నదిలో ఇసుక మేటలు జరిగి మన పడవ ఇరుక్కుందని తెలిసి, "అమ్మకి వయసైపోయింది, పడవ అమ్మేయండి" అని రాశావు. అమ్మ అది చదివి, మర్నాడే లోతు చెప్పే మిషన్ కొనుక్కొచ్చింది. రంగుల మ్యాపులున్నవి వద్దని, ఎండలో కూడా అంకెలు కనబడేదే ఏరుకుంది.

దాన్ని బిగించడానికి నేను డ్రిల్లు తీస్తే, "అల్యూమినియం పడవకి కన్నం పెట్టావో, చేతులు విరగ్గొడతా!" అంది. కూరలు తరిగే ప్లాస్టిక్ పలకని పడవ వెనక జిగురుతో అంటించి, మిషన్‌లో నీళ్ళలో ఉండి లోతు కొలిచే ముక్కని దానికి బిగించింది.

ఆదివారం నదిలో అమ్మ మిషన్ మీద టోపీ కప్పి, నీళ్ళు చూసి, "రెండు మీటర్లు" అంది. టోపీ తీశాను. సరిగ్గా రెండు! మూడుచోట్లా అమ్మ చెప్పిన లోతే మిషన్ చూపించింది.

"మిషన్ నిజమే చెబుతోందే. ఇక నువ్వు నడుపు" అంది.

అన్నయ్యా, పడవ ఇరుక్కున్న రోజు దాన్ని ఇసుక మీదికి ఎక్కించింది నేను. అమ్మ నీకు చెప్పలేదు కదూ?

నీ చెల్లి