అత్తయ్యగారి పీట

ఏవండీ,

రొయ్యల కూర చిన్న గిన్నెలో ఉంది, వేడి చేసుకోండి. ట్యాంకు నిండగానే మోటారు ఆపేయండి, మర్చిపోతారు. అత్తయ్యగారు కూరలు తరిగేటప్పుడు వేసుకునే పీట కోసం ఇల్లంతా వెతుకుతారు. దాన్ని నేను బెజవాడ తీసుకెళ్తున్నానని మెల్లగా చెప్పండి. గిటారు పరీక్షలో ఎడమ కాలు ఎత్తు మీద పెట్టి కూర్చోవాలి. ఆరు నెలలుగా నా కాలికి అలవాటైన ఎత్తు అదొక్కటే. చెప్పులేసుకున్న కాలు మాత్రం దాని మీద పెట్టనని ఆవిడతో అనండి. అసలు ఆ పరీక్ష గదిలోకి చెప్పులతో వెళ్లాలో, బయట విడవాలో కూడా నాకు తెలీదు.

చర్చిలో పద్దెనిమిదేళ్లుగా వాయిస్తున్నదాన్ని, నలభై ఆరేళ్లకి ఈ మొదటి గ్రేడుకి ఎందుకు వణుకుతున్నానో అర్థం కావట్లేదు. అక్కడ అందరూ పాడతారు, నా తప్పు వాళ్ల గొంతుల్లో కలిసిపోతుంది. ఇక్కడ పాడేవాళ్లే ఉండరు, ఒకాయన పెన్ను పట్టుకుని వింటాడట. పాట లేకుండా వాయిస్తే అది వాయించినట్టా, నాలో నేను మాట్లాడుకున్నట్టా? మిమ్మల్ని అడుగుదామంటే, నేను గిటారు తీయగానే టీవీ సౌండు పెంచుతారు.

బస్సు టైమైంది. ప్రార్థన చేయండి.

రూతు

ఇంకోటి. నిన్న పొద్దున నేను పరీక్షకి వాయించాల్సినదాంట్లో మూడో లైను మర్చిపోయి ఆగిపోతే, మీరు స్నానాల గదిలోంచి మిగతాదంతా ఈల వేశారు. ఒక్క స్వరం తప్పలేదు. అదెప్పుడు నేర్చుకున్నారండీ?