అవ్వ మిగిల్చిన మాత్రలు

మదనపల్లె,
శుక్రవారం.

చిరంజీవి ఇందుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. కుప్పంలో నీ ఆరోగ్యం, చదువు ఎలా ఉన్నాయో రాయి. పరీక్షలయ్యేదాకా మీ నర్సింగ్ హాస్టల్లో ఫోన్లు తీసేసుకున్నారని ఈ ఉత్తరం. అదీ మంచిదే, ఫోనైతే నా గొంతే నన్ను పట్టిచ్చేస్తుంది.

చెల్లెలి కోసం నువ్వు రాసి పంపిన ఇంగ్లీషు మాటలు అందాయి. యాంటీసెప్టిక్, యాంటీబాడీ, యాంటీడోట్, యాంటీ క్లాక్‌వైజ్ అంటూ వెన్నెల మన పుంగనూరు ఇల్లంతా తిరిగి బట్టీ పట్టింది. ముందు యాంటీ చేరితే ఎదురు నిలిచేదని మీ అవ్వకు కూడా పాఠం చెప్పింది. అవ్వ ఊరుకుంటుందా?

"ఇంగ్లీషోళ్ళకి ఇంతమంది పగోళ్ళు ఉండారా? నాకు ఎదురు నిలిచినోడు మీ తాత ఒక్కడేనమ్మా!" అంది. అందరం పడీపడీ నవ్వాం.

అవ్వ కాలి పుండు మానిందా అని అడిగావు. మానలేదు తల్లీ. పైన బాగున్నామని రాసింది అలవాటు కొద్దీ రాసిన మాట. అవ్వను ఇక్కడ మదనపల్లె ఆసుపత్రిలో చేర్చాం. టమాటా మార్కెట్లో పని ముగించుకుని నేరుగా ఇక్కడికే వస్తున్నాను. యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి ఎక్కిస్తున్నారు, మాత్రలూ ఇస్తున్నారు. పుండులోని క్రిములు మందులకు అలవాటుపడి దేనికీ లొంగడం లేదట. "ఇంట్లో మాత్రలు సగంలో ఆపేస్తాండారా?" అని డాక్టరమ్మ అడిగితే తల దించుకున్నాను.

మన ఇంటి సంగతి నీకు తెలియంది కాదు. జ్వరం తగ్గగానే మాత్రలు ఆపి, మిగిలినవి అవ్వ బిస్కెట్ల డబ్బాలో దాచేది. వీధిలో ఎవరికి దగ్గొచ్చినా చక్కెర చేబదులిచ్చినట్టు రెండు ఇచ్చేది. వాళ్ళింట్లో మిగిలినవి మనకొచ్చేవి. పుండు లేచినప్పుడూ ఆ డబ్బాలోవే మింగింది. పొదుపే కదా అనుకున్నాం.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది కానీ దాచలేకపోతున్నాను. సోమవారం మోకాలి కింద కాలు తీసేస్తారు. తీసినా ప్రాణానికి భరోసా ఇవ్వలేమన్నారు. పరీక్షలు వదిలి రమ్మనాలో, వద్దనాలో తెలియడం లేదు. నాకేమీ తోచడం లేదమ్మా.

ఈ పొద్దున దుప్పటి మారుస్తుంటే అవ్వ కొంగుముడి విప్పింది. నర్సు ఇచ్చే మాత్రల్లో ఒకటి మింగి, ఒకటి దాచిందట.

"ఇవి శానా మంచివంట మునిశేఖరా. బిడ్డ ఆడ ఒక్కతే ఉండాది. జరమొస్తే ఎవురు సూస్తారు? జాబులో పెట్టి పంపించప్పా," అంది.

కోప్పడదామనుకుని కూడా, సరేనని తీసుకున్నాను. డాక్టరమ్మకు చెప్పాను. ఇక మీదట నర్సు ఎదురుగానే మింగించమని చెప్పి వెళ్ళింది.

జాబులో పెట్టానని అవ్వతో అబద్ధమాడాను. అవి నా జేబులోనే ఉన్నాయి, పారేయడానికి చేయి రావడం లేదు. మాత్రలు అందాయని వెంటనే అవ్వకు ఒక ముక్క రాయి. చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ నాన్న,
మునిశేఖర్