ఆయుధపూజ నాటి గార్డులు

నాయనా,

నిన్న యూనివర్సిటీ వాళ్ళు మన సుజాతక్కకి సన్మానం చేశారు. అక్కడ చదివి ఉద్యోగంలో పైకొచ్చి, నలుగురికీ పనికొచ్చినవాళ్ళను ఏటా పిలుస్తారట. అక్క ఇప్పుడు యంత్రాలు డిజైన్ చేసే విభాగానికి పెద్ద. వేదిక మీద ముందు అది చదివారు, తర్వాత పీణ్య పారిశ్రామికవాడలో చేసే పని సంగతి చదివారు.

పీణ్య చిన్న షాపుల్లో రేకులు కోసే ప్రెస్సు ఆగేది ఆయుధపూజ రోజే కదా. అక్క ఏటా ఆ రోజే వెళ్ళి, కుంకుమబొట్లు పెట్టిన ప్రెస్సులకి చెయ్యి లోపలికి పోకుండా గార్డులు పైసా తీసుకోకుండా బిగించి వస్తుంది. వాటిని విప్పితే ప్రెస్సు కదలదు. అక్క వాటిని అలా తయారుచేసింది నీవల్లే. "గార్డుంటే చెయ్యి ఆడదప్పా" అని నీ ప్రెస్సు గార్డు విప్పి పక్కన పెట్టి, రెండు వేళ్ళు పోగొట్టుకున్నావు. అక్క పట్టా తీసుకున్న రోజు నీ చప్పట్లు సరిగా మోగలేదని కుర్చీ చేతి మీద కొట్టావు.

నిన్న సభలో నా వరసంతా పీణ్య ప్రెస్సు పనివాళ్ళే. పక్కనున్నాయన, "మీ అక్క శానా మొండిదప్పా. మేము వద్దని తిట్టినా బిగించేసే పోయింది," అన్నాడు. ఆ మొండితనం నీదే నాయనా.

అక్క పేరు పిలవగానే వాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. నేను వేదిక వైపు చూడలేదు నాయనా, వాళ్ళ చేతులే చూశాను. ఆ వరసలో ఒక్క చేతికీ వేలు తక్కువ లేదు.